కంచము కాదు, ముఖము చూడండి



ఈ నెల మీతో పంచుకొనబోయే సంగతి మా సొంత తప్పుతోనే మొదలవుతుంది. ఒకటి కాదు, రెండు తప్పులు. రెండూ ఒకే అమ్మాయి విషయములో, ఆరు నెలల లోపే చేశాము. ఆ అమ్మాయి, ఆమె తల్లి ఒప్పుకున్న తరువాతే ఇది వ్రాస్తున్నాము. వారి పేర్లు, ఊరు మాత్రం వ్రాయము.

ఆ అమ్మాయి పట్నంలో హాస్టలులో ఉండి డిగ్రీ చదువుతున్నది. రెండేళ్ల క్రితం క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చింది. కూలికి వెళ్లే తల్లి రెండు రోజులు పని మానుకుని, బియ్యం నానబోసి, పిండి కొట్టించి, బెల్లం పాకం పట్టి అరిసెలు వండింది. బిడ్డ ఒక్కటి కూడా ముట్టలేదు. నూనె మంచిది కాదన్నది. బెల్లమైనా పంచదారైనా ఒకటే అన్నది. తెల్లన్నం విషమన్నది. పండుగనాడు మందిరము దగ్గర ప్రేమ విందులో అందరూ బంతిగా కూర్చుంటే, తాను మాత్రం చిన్న డబ్బాలో తెచ్చుకున్న ఉడికించిన పెసలు, కీరదోస ముక్కలు ఒక మూలన కూర్చుని తిన్నది.

అది చూచి మేము సంతోషించాము! చిరుతిళ్లకు, కూల్ డ్రింకులకు అలవాటుపడిన ఈ రోజుల్లో ఎంత నిగ్రహమున్న పిల్ల అనుకున్నాము. కొత్త సంవత్సరం మొదటి యౌవనస్థుల కూడికలో ఆమెను లేపి నిలబెట్టి, రాజు భోజనము వద్దన్న దానియేలుతో పోల్చి, అందరిచేత చప్పట్లు కొట్టించాము. ఇది మా మొదటి తప్పు.

మార్చి నెలలో ఒక సాయంత్రం ఆ తల్లి మా ఇంటి అరుగు మీద కూలబడింది. "అయ్యగారూ, మీరు మెచ్చుకున్నాక దానికి పట్టుదల ఇంకా ఎక్కువైందండి. ఇప్పుడు పాలూ మానేసింది, పెరుగూ మానేసింది. జుట్టు పిడికిళ్లకొద్దీ ఊడిపోతోంది. మూడు నెలలుగా నెలసరి లేదు. హాస్టల్లో కళ్లు తిరిగి పడిపోతే కబురు చేశారు. మీరే చెప్పండయ్యా, మీ మాటైతే వింటది" అని ఏడ్చింది. మా శ్రీమతి ఆమెకు మంచినీళ్లు ఇచ్చి పక్కన కూర్చున్నది. మాకు మాత్రం నోట మాట రాలేదు.

అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రక్తం చాలా తక్కువగా ఉన్నదని, శరీరానికి చాలినంత తిండి అందడం లేదని డాక్టరుగారు చెప్పి వైద్యం మొదలుపెట్టారు. అప్పుడు మాకు ఒక ఉపాధ్యాయ మిత్రుడు ఈ అవస్థకు ఒక పేరున్నదని, దానిని కొలిచే ప్రశ్నలు కూడా ఉన్నాయని చెప్పారు. మేము ఆ ప్రశ్నలను తెలుగు చేసుకుని, వేసవి విద్యార్థుల శిబిరములో పిల్లలందరికీ కాగితాలు పంచాము. లెక్క వేస్తే సగానికి పైగా పిల్లలు రోగుల జాబితాలో పడ్డారు! ప్రేమ విందులో మూడుసార్లు మారు అడిగే కుర్రవాడు కూడా అందులో ఉన్నాడు. "మావాడికి ఏమైనా పిచ్చా అయ్యగారూ?" అని ఒక తల్లి కంగారుగా వచ్చి అడిగింది. ఇది మా రెండవ తప్పు.

మొదటిసారి రోగాన్ని చూచి భక్తి అనుకున్నాము. రెండవసారి ఆరోగ్యాన్ని చూచి రోగమనుకున్నాము. రెండుసార్లూ మా కొలతే తప్పు. ఆ తరువాతే కూర్చుని ఈ సంగతి శ్రద్ధగా చదివాము. తెలుసుకున్నది మీకు చెప్పడం మా బాధ్యత.

పేరు పెట్టినవాడే బాధితుడు

ఈ అవస్థకు ఆర్థోరెక్సియా అని పేరు. గ్రీకు భాషలో 'ఆర్థోస్' అంటే సరియైనది, 'ఒరెక్సిస్' అంటే ఆకలి. సరియైనదే తినాలన్న ఆకలి అన్నమాట. ఈ పేరును 1997లో అమెరికా వైద్యుడు స్టీవెన్ బ్రాట్‌మన్ పెట్టారు. ఆయన దీనిని పుస్తకాల్లో చూచి వ్రాయలేదు. 1970లలో ఆయన న్యూయార్కు రాష్ట్రంలో కొందరు కలిసి బ్రతికే ఒక పొలం మీద వంటవాడుగా, సేద్యగాడుగా ఉన్నారు. కోసి పావుగంట దాటిన కూరగాయ తినేవారు కాదు. ప్రతి ముద్దా యాభైసార్లు నమిలేవారు. ఒంటరిగా తినేవారు. ఇతరులు తినేది చూచి లోలోపల వారిని తక్కువగా తలంచేవారు. కొంతకాలానికి బ్రతుకంతా తిండి చుట్టూనే తిరుగుతున్నదని, స్నేహాలు పోయాయని ఆయనకే తెలిసింది. కానీ మానుకోలేకపోయారు.

ఆయనకు విడుదల కలిగించినవారిలో ఒకరు డేవిడ్ స్టైండల్-రాస్ట్ అనే బెనెడిక్టైన్ సన్యాసి. ఆ సన్యాసి కంచములో మెతుకు మిగల్చడం కృతజ్ఞత లేని పని అని తలంచేవాడు. బ్రాట్‌మన్‌ను ఒక చైనా భోజనశాలకు తీసుకెళ్లి కలిసి తిన్నాడు, ఆ మీదట ఐస్‌క్రీము కూడా తినిపించాడు. ప్రసంగము చేయలేదు, పక్కన కూర్చుని తిన్నాడు. ఇది చదివినప్పుడు మేము చప్పట్లు కొట్టించిన ఆ కూడిక గుర్తుకు వచ్చి సిగ్గుపడ్డాము.

ఒక మాట స్పష్టముగా చెప్పాలి. ఆరోగ్యకరమైన భోజనము మీద శ్రద్ధ రోగము కాదు. మన ఇళ్లలో చక్కెర వ్యాధి, రక్తపోటు ఉన్నవారు ఎందరో ఉన్నారు. వారు తీపి, ఉప్పు తగ్గించుకోవాలి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024లో భారతీయుల కొరకు 17 సూచనలు ప్రచురించారు. పప్పు, కూరలు, ఆకుకూరలు, పండ్లు, పాలు, ధాన్యము అన్నీ సమతూకముగా తినమని చెప్పారు. ఆ ప్రకారము తినే బిడ్డను చూచి భయపడనక్కరలేదు. శ్రద్ధ ఎక్కడ రోగముగా మారుతుందో తెలుసుకోవడమే కష్టము.

కొలబద్ద కథ

ఆ హద్దును కొలవాలని 2005లో ఇటలీ దేశములో రోము నగరపు పరిశోధకులు, దొనీని అనే ఆయన ఆధ్వర్యంలో, 15 ప్రశ్నల కొలబద్ద తయారుచేశారు. దాని పేరు ఆర్టో-15. ఒక్కొక్క ప్రశ్నకు ఎల్లప్పుడూ, తరచుగా, అప్పుడప్పుడు, ఎన్నడూ లేదు అనే నాలుగు జవాబులు. ఒకటి నుండి నాలుగు వరకు మార్కులు. మొత్తం 60. 40 కంటే తక్కువ వస్తే ఆర్థోరెక్సియా ఉన్నదని అనుమానించాలి. మేము శిబిరములో పంచినది ఇదే.

ఇది చాలా దేశాల్లో, చాలా భాషల్లోకి వెళ్లింది. ముఖ్యముగా కాలేజీ విద్యార్థుల మీద ప్రయోగించారు. ఎందుకంటే ఇల్లు వదలి, మొదటిసారి తన తిండి తానే ఎంచుకునే వయసు అది. పరీక్షల బరువు, ఒంటి రూపం గురించిన దిగులు, స్నేహితుల మాటలు, చేతిలో ఫోను, అందులో గంటకొక కొత్త ఆహార నియమము, అన్నీ ఆ వయసులోనే మీద పడతాయి. కానీ చోటుచోటునా వింత ఫలితాలు వచ్చాయి. కొన్ని గుంపుల్లో సగానికి పైగా విద్యార్థులు రోగులని తేలింది.

అమెరికాలో థామస్ డన్ అనే ఆచార్యుడు, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధనలో 275 మంది కాలేజీ విద్యార్థులకు ఈ ప్రశ్నలు ఇచ్చారు. 40 హద్దు ప్రకారము లెక్క వేస్తే నూటికి 71 మంది రోగులు. అయితే వారు అక్కడితో ఆగలేదు. నీ తిండి నియమాల వలన నీ చదువు, పని, స్నేహాలు దెబ్బ తిన్నాయా, నీ ఒంటికి జబ్బు చేసిందా అని కూడా అడిగారు. అప్పుడు మిగిలినది నూటికి ఒక్కరికంటే తక్కువ!

ఒకే పిల్లలు, ఒకే కాలేజీ. ఒక లెక్కలో 71, మరొక లెక్కలో ఒకటి కూడా కాదు. ఎందుకిలా? ఆ ప్రశ్నల్లో కొన్నింటిని చూస్తే తెలుస్తుంది. బజారులో అనారోగ్యకరమైన తిండి కూడా అమ్ముతారని తలుస్తున్నావా అని ఒక ప్రశ్న. మన ఊళ్లో ఏ అమ్మమ్మను అడిగినా అవుననే చెబుతుంది. మంచి తిండికి ఎక్కువ డబ్బు పెట్టడానికి సిద్ధమా అని ఒకటి. నీవు ఒంటరిగా తింటావా అని ఒకటి. హాస్టలు పిల్లవాడు, పొలములో కూలి మనిషి ఒంటరిగా తిన్నంతమాత్రాన అది రోగమా? ఆ కాగితము ఒక మనిషి ఏమి తలంచుతున్నాడో అడుగుతుంది గానీ, ఆ తలంపు అతనికి ఏమి చేస్తున్నదో అంతగా అడగదు.

పాల కేంద్రానికి పాలు పోసే మన సహోదరీలకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. లాక్టోమీటరు పాల చిక్కదనం చూస్తుంది. నీళ్లు కలిపితే తక్కువ చూపిస్తుంది. కానీ వెన్న తీసి, ఆ మీద నీళ్లు కలిపితే మళ్లీ మంచి పాల అంకె మీదే నిలబడుతుంది! అందుకే వెన్న శాతము వేరుగా చూస్తారు. ఒక్క అంకెను నమ్ముకుంటే మంచి పాలను, కల్తీ పాలను ఒకే కాటా మీద పెట్టినట్టే. తిండి విషయములోనూ అంతే.

శాస్త్రవేత్తలు తమ కొలబద్దను తామే పరీక్షించుకున్నారు. ఇది మాకు చాలా నచ్చింది. దొనీనిగారే మరొక పరిశోధకుడితో కలిసి తరువాతి కాలములో ఆ 15 ప్రశ్నలను 6కు తగ్గించారు. జర్మనీలోని డ్యుసెల్‌డార్ఫ్ నగరము వారు 2015లో 10 ప్రశ్నలతో వేరొక కొలబద్ద చేశారు. నియమము తప్పితే మనసు ఎంత కుమిలిపోతుంది, ఆ నియమాల వలన తోటివారు నిన్ను వెలివేసినట్టు అనిపిస్తున్నదా వంటి సంగతులు అందులో ఉన్నాయి. స్పెయిన్ దేశములో తెరువేల్ అనే పట్టణము పేరుతో 2018లో వచ్చిన 17 ప్రశ్నల కొలబద్ద ఇంకొక అడుగు ముందుకు వేసింది. అది ఒకే మొత్తము చూపించదు, రెండు వేర్వేరు లెక్కలు చూపిస్తుంది. ఒకటి, మంచి తిండి మీద ఆరోగ్యకరమైన ఆసక్తి. రెండవది, భయము, అపరాధ భావము, బ్రతుకు చెదిరిపోవడముతో కూడిన రోగపు ఆసక్తి. మనసు కలతతో ముడిపడినది ఈ రెండవదే, మొదటిది కాదు.

ఇంకొక సంగతి. అమెరికా మనోవైద్యులు 2013లో ప్రచురించిన రోగాల గ్రంథములో గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత జాబితాలో గానీ ఆర్థోరెక్సియాను ప్రత్యేక రోగముగా చేర్చలేదు. చర్చ ఇంకా సాగుతున్నది. కాబట్టి ఒక కాగితము చూచి ఏ బిడ్డ మీదా ముద్ర వేయకూడదు. మేము వేశాము. తరువాత ఇంటింటికీ వెళ్లి ఆ మాట వెనక్కి తీసుకున్నాము. బాధ మాత్రము పేరు ఉన్నా లేకపోయినా బాధే.

ఇంటిలో ఏమి చూడాలి?

తల్లిదండ్రులు కాగితాలు, మార్కులు లేకుండానే నాలుగు సంగతులు గమనించవచ్చు.

మొదటిది, ఒళ్లు. బరువు తగ్గుతున్నదా? జుట్టు ఊడుతున్నదా? కళ్లు తిరుగుతున్నాయా? ఆడపిల్లకు నెలసరి తప్పుతున్నదా? మన రాష్ట్రాల్లో దీనిని తేలికగా తీసుకోరాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8, తెలంగాణలో 57.6. ముందే రక్తము తక్కువ ఉన్న బిడ్డ ఒక్కొక్క పదార్థము మానుకుంటూ పోతే ఇంకేమి మిగులుతుంది?

రెండవది, జాబితా. తినదగినవి అనుకునే పదార్థాల జాబితా నెలనెలకూ చిన్నదవుతున్నదా? మొదట నూనె, తరువాత తీపి, తరువాత అన్నము, ఆ తరువాత పాలు. జాబితా ఒకచోట ఆగితే అది క్రమశిక్షణ కావచ్చు. ఆగకుండా కరిగిపోతుంటే జాగ్రత్తపడండి.

మూడవది, తప్పినప్పుడు ఏమవుతున్నది? చుట్టాల ఇంట ఒక ముద్ద పులిహోర తిన్నందుకు రాత్రంతా నిద్ర లేకపోతే, మర్నాడు పస్తుండి తనను తాను శిక్షించుకుంటే, అది ఆరోగ్యము కోసం కాదు, భయము కోసం చేస్తున్న పని.

నాలుగవది, బంతి. నలుగురితో కలిసి కూర్చోవడం మానుకున్నదా? పెళ్లికి, పండుగకు, స్నేహితుల ఇంటికి వెళ్లడానికి సాకులు చెబుతున్నదా?

వీటిలో కొన్నయినా కనబడితే తిట్టకండి, బలవంతముగా నోట్లో కుక్కకండి. "మేమంతా తిని బ్రతకలేదా?" అని ఎగతాళి చేయకండి. భయపడే మనసు ఎగతాళికి ఇంకా ముడుచుకుంటుంది. పక్కన కూర్చుని మీరు తినండి. తిండి గురించి కాక చదువు గురించి, స్నేహితుల గురించి మాట్లాడండి. ఒంటి లక్షణాలుంటే ఆలస్యము చేయక డాక్టరుకు చూపించండి. మనసు సంగతి మాట్లాడటానికి కేంద్ర ప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చు. తెలుగులో కూడా మాట్లాడతారు. ప్రార్థించండి, వైద్యమూ చేయించండి. ఒకటి చేస్తున్నాము గనుక రెండవది అక్కరలేదనుకోవద్దు.

దానియేలును మళ్లీ చదివితే

ఆ అమ్మాయిని మేము దానియేలుతో పోల్చాము గదా. తరువాత ఆ గ్రంథము మొదటి అధ్యాయమును మళ్లీ చదివాము. అంతకు మునుపు మేము గమనించని మూడు సంగతులు అక్కడున్నాయి. దానియేలు ఒంటరిగా తినలేదు, నలుగురు స్నేహితులు కలిసి తిన్నారు. ఆ పరీక్షకు గడువున్నది, పది దినములు. అన్నిటికంటే ముఖ్యము, గడువు తీరిన తరువాత పై అధికారి చూచినది వారి కంచమును కాదు, వారి ముఖములను! ఒళ్లు ఎలా ఉన్నదో చూచి నిర్ణయించాడు. అంత పాతకాలపు కొలబద్ద అంత సరిగా ఉన్నది. మేము కంచము చూచి చప్పట్లు కొట్టాము. ముఖము చూచి ఉంటే, ఆ జనవరిలోనే ఆ బిడ్డ చెంపలు పీక్కుపోవడం మాకు కనబడేది.

ఉపవాసము సంగతి కూడా ఇంతే. ఉపవాసానికి మొదలు ఉన్నది, ముగింపు ఉన్నది. ముగింపు లేని ఉపవాసము కనబడితే, సంఘ కాపరులారా, పెద్దలారా, మెచ్చుకునే ముందు ఒకసారి అడగండి. రోమా సంఘానికి వ్రాసిన పత్రిక పదునాలుగవ అధ్యాయములో పౌలు తినేవాడిని, తిననివాడిని ఇద్దరినీ హెచ్చరించాడు. ఒకరు మరొకరికి తీర్పు తీర్చవద్దన్నాడు. మేమైతే తీర్పు తీర్చడమే కాదు, మార్కులు కూడా వేశాము.

ఆ అమ్మాయి ఎలా ఉన్నదని మీరు అడుగుతారు. పూర్తిగా బాగైపోయిందని వ్రాయలేము. ఏడాదికి పైగా వైద్యము, మాటలు, కన్నీళ్లు గడిచాయి. మధ్యలో రెండుసార్లు వెనక్కి జారింది. ఒకసారి మాతో, "అయ్యగారూ, మీరు ఆ రోజు నన్ను నిలబెట్టకుండా ఉంటే బాగుండేదండి" అన్నది. క్షమించమని అడిగాము. తల ఊపింది.

ఈ సంవత్సరము ఈస్టరు ప్రేమ విందులో ఆమె డబ్బా తెచ్చుకోలేదు. స్త్రీల బంతిలో తల్లి పక్కన కూర్చున్నది. అన్నము, పప్పు వేయించుకున్నది, వంకాయ కూర కొంచెము వేయించుకున్నది. మాంసము వద్దన్నది. ఎవరూ ఏమీ అనలేదు. తల్లి దూరము నుండి మా వైపు చూచింది. మేము చప్పట్లు కొట్టలేదు, మెచ్చుకోలేదు. సాంబారు బకెట్టు పట్టుకుని పక్క బంతికి వెళ్లిపోయాము. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి ఆమె ముఖము మాత్రము చూచాము.

ప్రభువు మీ భోజనపు బల్లలను, వాటి చుట్టూ కూర్చున్న మీ బిడ్డలను దీవించును గాక.